డాక్టర్ సలహా: కాలికి రింగులు బిగించి నెలల తరబడి తిప్పాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. పుట్టుకతోనే కుడి పాదం లోపలికి వంకర. పసితనంలో కట్లు వేయించాం, 3వ ఏట ఆపరేషన్ అయింది. మళ్లీ తిరిగిపోయింది. పాదం బయటి అంచు మీద నడుస్తుంటే ఆనెలు కాసి పుండ్లు పడుతున్నాయి. రింగులు వేయాలంటున్నారు. ఒకేసారి సరిచేయలేరా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఓ తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ బాబు విషయంలో నేనైతే ఒకేసారి తిప్పడానికి సాహసించను. ఇన్నేళ్లూ పాదం లోపలివైపు చర్మం, నరాలు, రక్తనాళాలు కురచగానే ఉండిపోయాయి. పైగా పాత ఆపరేషన్ మచ్చ ఉంది. ఒక్కసారిగా లాగితే వేళ్లకు రక్తం అందకపోవచ్చు. అలా కాకుండా ఎముక ముక్క తీసి సరిచేస్తే, అసలే చిన్నదైన పాదం ఇంకా పొట్టిదవుతుంది.

రింగుల పద్ధతిని సైబీరియాలోని కుర్గాన్‌లో డాక్టర్ ఇలిజరోవ్ 1950లలో మొదలుపెట్టారు. సన్నటి తీగలను ఎముకల్లోంచి పోనిచ్చి రింగులకు బిగిస్తారు. ఎముకను కోయాల్సి వస్తే 5 నుంచి 7 రోజులు ఆగి, అప్పుడు రింగులను కలిపే కడ్డీల నట్లు తిప్పడం మొదలుపెడతారు. సాధారణంగా రోజుకు 1 మిల్లీమీటరు, అదీ పావు చొప్పున 4 సార్లు. అలా తిప్పేకొద్దీ కోసిన ఎముక ముక్కల మధ్య సందు పెరుగుతుంది. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది, చర్మం, నరాలూ దాంతోపాటే సాగుతాయి. తొందరపడి ఎక్కువ తిప్పితే ఎముక సరిగా పుట్టదు. మరీ నెమ్మదిస్తే సందు ముందే అతుక్కుపోతుంది.

ఇంట్లో నట్లు తిప్పాల్సింది మీరే. అందుకే డిశ్చార్జికి ముందు నర్సు ఎదుట మీ చేత్తో తిప్పి చూపించండి. తీగలు చర్మంలోకి వెళ్లే చోట చీము పట్టడం తరచూ కనిపించే ఇబ్బంది. విశాఖ ఉక్కపోతలో చెమట నిలుస్తుంది కాబట్టి అక్కడ శుభ్రం ఒక్కపూట కూడా మానొద్దు. వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా తిప్పడం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వేళ్లు ముడుచుకుపోకుండా ఫిజియోథెరపీ రోజూ చేయించాలి.

పాదం తిన్నగా కనిపించగానే రింగులు తీసేయమని బాబు మారాం చేస్తాడు. ఒప్పుకోకండి. ఎముక గట్టిపడేదాకా ఉంచి, తీశాక కట్టు, ఆ తర్వాత బ్రేస్ (పాదాన్ని తిన్నగా పట్టి ఉంచే సాధనం) వాడకపోతే వంకర తిరిగొస్తుంది. ఒక మాట ముందే తెలుసుకోండి: అరికాలు నేలకు ఆనుతుంది, మామూలు చెప్పులు పడతాయి, కానీ చీలమండ రెండో కాలిలా వంగదు.

ఇంకో డాక్టర్ మాట కూడా వినాలనిపిస్తే విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎముకల విభాగంలో చూపించండి. వచ్చే ఏడాది టెన్త్ పరీక్షలు ఉంటే ఆ తేదీలూ చెప్పండి, ఆపరేషన్ ఎప్పుడన్నది దాన్నిబట్టి చూసుకోవచ్చు. పుండ్ల సంగతి మాత్రం ఆగదు. అవి మానాకే తీగలు వేయడం మంచిది కనుక డ్రెస్సింగ్ ఈ వారమే మొదలుపెట్టించండి.