పాడైన మైటోకాండ్రియాను నరాల కణం ఎలా గుర్తుపడుతుంది?

మీ తమ్ముడికి పార్కిన్ జీన్‌లో లోపం ఉందని రిపోర్టు వచ్చిందన్నారు. నరాల కణం తనకి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పాడైతే ఎలా గుర్తుపట్టి తీసేస్తుంది, మందులతో అది సరవుతుందా అని అడిగారు. మా అక్కదీ ఇదే జబ్బండి, చిన్న వయసులోనే వచ్చే పార్కిన్సన్స్. 35 ఏళ్లు నిండకముందే నడుస్తుంటే ఎడమ పాదం వేళ్లు లోపలికి ముడుచుకుపోయేవి. అరండల్‌పేట సెంటర్లో చెప్పు విడిచి, పాదం నేలకి గట్టిగా అదిమి, వేళ్లు విచ్చుకునేదాకా నిలబడేది. కీళ్ల డాక్టర్ల చుట్టూ తిరిగి తిరిగి చివరికి కొత్తపేటలో న్యూరాలజిస్టుకి చూపించాకే సంగతి తెలిసింది.

పింక్1 అనే ప్రొటీన్‌ను కణం ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటుంది. మైటోకాండ్రియా బాగుంటే దాని లోపలి పొర దగ్గరుండే విద్యుత్ తేడా పింక్1ను లోపలికి లాక్కుంటుంది. అక్కడ పార్ల్ అనే ఎంజైమ్ దాన్ని కోసేస్తుంది, కాసేపట్లోనే అది నాశనమైపోతుంది. మైటోకాండ్రియా దెబ్బతిని ఆ విద్యుత్ తేడా పడిపోతే పింక్1 లోపలికి పోలేక బయటి పొర మీదే పేరుకుంటుంది. అంటే ఎప్పటికప్పుడు చెరిగిపోయే గుర్తు ఇక్కడ చెరగకుండా మిగిలిపోయింది, అంతే. ఈ మొత్తంలో నన్ను కట్టిపడేసే విషయం ఇదే.

పేరుకున్న పింక్1 అక్కడి యుబిక్విటిన్‌కీ (తీసెయ్యాల్సినవాటికి గుర్తుగా తగిలించే చిన్న ప్రొటీన్), పార్కిన్ జీన్ నుంచి తయారయ్యే పార్కిన్ ప్రొటీన్‌కీ ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో పార్కిన్ పనిలోకి దిగి, బయటి పొర ప్రొటీన్ల మీద యుబిక్విటిన్ గొలుసులు అల్లుతుంది. ఆప్టిన్యూరిన్ లాంటి ప్రొటీన్లు ఆ గొలుసుల్ని పట్టుకుంటే మైటోకాండ్రియా చుట్టూ సంచిలా ఒక పొర ఏర్పడుతుంది. ఆ సంచి, కణంలో చెత్తను అరిగించే లైసోజోమ్‌తో కలిశాక లోపలిదంతా అరిగిపోతుంది. పార్కిన్ జీన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 1998లో కనుక్కున్నారు. పార్కిన్ పాడైన మైటోకాండ్రియా మీదికే చేరుతుందని 2008లో తేలింది.

నరాల కణాలు చర్మకణాల్లా విడిపోయి కొత్తవి పుట్టవు, జీవితాంతం అవే ఉండాలి. పైగా నడుము నుంచి పాదానికి వెళ్లే ఆక్సాన్, అంటే నరాల కణం నుంచి సాగే పొడవాటి తీగ, దాదాపు మీటరు పొడవుంటుంది. అంత దూరాన పాడైనదాన్ని అక్కడే చుట్టి, కణదేహం వైపు మోసుకొస్తూ అరిగించుకోవాలి. కదలికల్ని అదుపుచేసే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాల ఆక్సాన్లకి కొమ్మలు విపరీతం, శక్తి ఖర్చూ ఎక్కువే. ముందు అవే దెబ్బతినడానికి ఇది ఒక కారణమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

ఇక మందుల మాట. లెవోడోపా అనే మందు డోపమైన్ లోటు తీరుస్తుంది గానీ పార్కిన్‌ను బాగుచెయ్యదు. అయినా అక్కకి తక్కువ మోతాదుకే బాగా పనిచేసింది, ఈ లోపం ఉన్నవాళ్లలో అది మామూలే. మోతాదు పెరిగితే ఒళ్లు మెలికలు తిరిగే కదలికలు రావచ్చు, కాబట్టి సొంతంగా పెంచనివ్వకండి. పార్కిన్ అల్లిన యుబిక్విటిన్‌ను తొలగించే యుఎస్‌పి30 ఎంజైమ్‌ను ఆపే మందుల మీద పరిశోధన నడుస్తోంది. మైటోకాండ్రియాను శుభ్రం చేస్తాయంటూ అమ్మే పొడుల మీద మాత్రం ఒక్క రూపాయి పెట్టకండి.

ఇంకో మాట. మా అమ్మానాన్నలది మేనరికం. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు కాపీల్లోనూ లోపం ఉంటేనే ఈ రకం జబ్బు వస్తుంది. మీ తమ్ముడి పిల్లలకి, మీ పిల్లలకి బంధువుల్లో సంబంధాలు అనుకునే ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కి తప్పకుండా వెళ్లండి.