నీలి నీళ్ల వెనక పంపు గది

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: కథలోనో నవలలోనో స్విమ్మింగ్ పూల్ పెట్టుకుంటే తప్పులు దొర్లకుండా రాయడం ఎలా? చెరువుకూ ఏటికీ లేని ఒక గుణం పూల్‌కు ఉంది. దాన్ని రోజూ ఎవరో ఒకరు నడపాలి. నడిపేవాళ్లు చెయ్యి ఎత్తేస్తే నాలుగు రోజుల్లో నీళ్ల రంగే ఆ సంగతి బయటపెడుతుంది. రచయితకు పనికొచ్చేది ముఖ్యంగా ఇదేనని మా నమ్మకం.

ప్రశ్న: నా నవలలో కథానాయిక రాత్రి పదింటికి పూల్‌లో మునిగిపోతుంది. కాపాడమని కేకలు వేసినా పార్టీ హోరులో ఎవరికీ వినపడదు. తెల్లారేసరికి శవం తేలుతూ కనిపిస్తుంది. ఇందులో పొరపాటు ఏమైనా ఉందా?

జవాబు: రెండు చోట్ల ఉంది. మునిగిపోయే మనిషి సాధారణంగా అరవలేదు. అరవాలంటే ముందు ఊపిరి ఉండాలి. నోరు నీటికి పైకి వచ్చేది రెప్పపాటు. అది గాలి పీల్చుకోవడానికే చాలదు. చేతులు ఊపి పిలవడమూ కుదరదు. అవి రెండు పక్కలకూ చాచుకుని నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి. ఒళ్లు నిలువుగా, తల వెనక్కి వాలి ఉంటుంది. కాళ్లు ఆడవు. జుట్టు కళ్ల మీద పడినా తోసుకోరు. ఇదంతా ఇరవై నుంచి అరవై సెకన్లు. దూరం నుంచి చూసేవాళ్లకు ఎవరో నీళ్లలో నిలబడి ఆకాశం చూస్తున్నట్టే ఉంటుంది. కాబట్టి మీకు పార్టీ హోరు అక్కర్లేదు. గట్టున పదిమంది మాట్లాడుకుంటూ ఉండగానే, వాళ్ల కళ్ల ముందే ఇది జరిగిపోగలదు. అలా రాస్తేనే చదివేవాళ్ల గుండె ఎక్కువ జారుతుంది.

ఇక శవం. ఊపిరితిత్తుల్లో గాలి పోయి నీరు చేరాక ఒళ్లు మామూలుగా అడుక్కి దిగుతుంది. మళ్లీ పైకి తేలేది లోపల వాయువులు పుట్టాకే. వెచ్చని నీటిలో అందుకు రెండు మూడు రోజులు పట్టవచ్చు, చల్లని నీటిలో వారాలు. కనుక తెల్లవారుజామున ఆమె అడుగునే ఉంటుంది. నీళ్లు తేటగా ఉంటే గట్టు మీది నుంచే కనిపిస్తుంది. మసకగా ఉంటే మాత్రం కనిపించకపోవచ్చు. 2011 జూన్‌లో అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రం, ఫాల్ రివర్ పట్టణంలో ఒక పబ్లిక్ పూల్‌లో మునిగిపోయిన స్త్రీని రెండు రోజులపాటు ఎవరూ గమనించలేదు. ఆ రెండు రోజులూ పూల్ తెరిచే ఉంది, జనం ఈదుతూనే ఉన్నారు. నీళ్లు అంత మసకగా ఉన్నాయి.

పూల్ నడిపేవాళ్లు పాటించాల్సిన నియమం ఒకటుంది. గట్టున నిలబడి చూస్తే అడుగునున్న మెయిన్ డ్రెయిన్ మూత స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే ఎవరినీ దిగనివ్వకూడదు. ఆ మూత ఎన్ని రోజులుగా కనిపించడం లేదు, చూసి కూడా ఊరుకున్నదెవరు? మీ నవలకు అసలు కథ అక్కడ దొరుకుతుంది.

ప్రశ్న: నీళ్లలోంచి తీసిన మనిషి పొట్ట నొక్కగానే నీళ్లు కక్కి లేచి కూర్చున్నట్టు రాయవచ్చా?

జవాబు: రాయకండి. పొట్ట నొక్కితే లోపలున్నది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఊపిరి ఆగినవాళ్లకు ముందు నోటితో శ్వాస అందిస్తారు (యూరప్ పద్ధతిలో అయిదు, అమెరికా పద్ధతిలో రెండు), ఆ తర్వాత ముప్పైసార్లు ఛాతీ నొక్కడం, రెండు శ్వాసలు, మళ్లీ ముప్పై. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత ఊపిరి ఇబ్బంది ముదరవచ్చు. ఆ గంటలు కథకు మంచి కాలం. ‘బతికాడు’ అని అందరూ నిద్రపోయిన రాత్రి.

ప్రశ్న: ‘ఘాటైన క్లోరిన్ వాసన, అద్దంలాంటి శుభ్రమైన నీళ్లు’ అని రాశాను. మిత్రుడు తప్పన్నాడు.

జవాబు: మీ మిత్రుడిదే రైటు. నీళ్లలో మందు సరిగా ఉన్న పూల్‌కు వాసన చాలా తక్కువ. ముక్కు మండించే ఆ ఘాటు క్లోరమైన్లది. చెమట, మూత్రం, ఒంటి జిడ్డుతో క్లోరిన్ కలిస్తే అవి పుడతాయి. కళ్లు ఎర్రబడేదీ ఎక్కువగా వాటివల్లే. అంటే ఘాటు పెరిగిందంటే జనం ఎక్కువయ్యారు, పనిచేసే క్లోరిన్ తగ్గిందని అర్థం. మామూలుగా అది లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2కూ 7.8కూ మధ్య ఉండాలి. మీ వాక్యాన్ని తిరగేసి వాడుకోండి: తలుపు తీయగానే ఘాటు కొట్టిందంటే, లోపల నిర్లక్ష్యం ఉందని తెలిసిన పాత్ర ఆ గుమ్మంలోనే ఆగిపోతుంది.

మూత్రం కలిస్తే రంగు మారే మందు ఉందన్నది మాత్రం వట్టి పుకారు.

ప్రశ్న: నీటి అడుగున ఉన్న పాత్రకు పైన గట్టున నిలబడ్డవాడి కళ్లలో ద్వేషం కనిపించాలి. సాధ్యమేనా?

జవాబు: గాగుల్స్ లేకపోతే కాదు. కంటి ముందుపొర గాలిలో చేసే పని నీటిలో చేయలేదు. వెలుగు, రంగు, కదలిక తెలుస్తాయి గానీ ముఖకవళికలు చెదిరిపోతాయి. గాగుల్స్ ఉంటే వేరే వింత కనిపిస్తుంది. మీ పాత్ర ఒకటిన్నర మీటర్ల లోతున వెల్లకిలా ఉందనుకోండి. సరిగ్గా తలపైన, దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పున ఒక వెలుగు వలయం. బయటి లోకమంతా, ఆకాశమూ చెట్లూ గట్టూ మనుషులూ, అందులోనే ఇరుక్కుని ఉంటుంది. గట్టున ఉన్నవాడు ఆ వలయం అంచున నొక్కుకుపోయి, వంగి, ఉన్నచోటి కంటే ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తాడు. వలయం దాటితే నీటి పైపొర అద్దమే. అందులో పూల్ అడుగు టైల్స్ తలకిందులుగా కదులుతుంటాయి. చిన్న అల వస్తే చాలు, మనిషి రెండు ముక్కలవుతాడు, మళ్లీ అతుక్కుంటాడు. ద్వేషం కంటే ఈ చూపు బలమైనదని మాకనిపిస్తుంది.

శబ్దం సంగతీ చూసుకోండి. గట్టు మీది పిలుపు నీటి కిందికి దాదాపు రాదు, గాలిలోని ధ్వని నీటి పైపొరకు తగిలి వెనక్కి పోతుంది. నీటిలో పుట్టిన చప్పుడు మాత్రం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో వస్తుంది. రెండు చెవులకూ దాదాపు ఒకేసారి చేరుతుంది కాబట్టి ఏ దిక్కు నుంచో తెలియదు. నిచ్చెన కమ్మీకి ఉంగరం తగిలిన ‘టక్’ వినిపిస్తుంది, ఎవరు దిగుతున్నారో తెలియదు.

ప్రశ్న: పూల్‌లో పడిన ఉత్తరం, ఉంగరం, వెంట్రుక చివరికి ఎక్కడికి చేరతాయి? అపరాధ పరిశోధన కథ కోసం.

జవాబు: పరిశోధకుణ్ని గట్టు మీద తిప్పకండి, పంపు గదికి పంపండి. పైన తేలేవన్నీ, ఆకులూ పురుగులూ దూదీ, గోడలోని స్కిమ్మర్ నోట్లోకి పోయి దాని బుట్టలో ఆగుతాయి. దాన్ని దాటిన వెంట్రుకలు, దారాలు పంపు ముందుండే జల్లెడ బుట్టలో చుట్టుకుంటాయి. అక్కణ్నుంచి నీళ్లు ఇసుక ఫిల్టర్‌లోకి వెళ్తాయి. ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ చేస్తే, అంటే నీళ్లను ఎదురు దిశలో పంపి కడిగితే, పట్టుకున్న మట్టీ మురికీ మురుగులోకి పోతాయి. అంటే సాక్ష్యం పోగొట్టదలచినవాడు వేళ కాని వేళ బుట్టలు దులిపి బ్యాక్‌వాష్ తిప్పుతాడు. ఆ పని ఏ రోజు, ఏ వేళ చేయాలో పంపు ఆపరేటర్ పుస్తకంలో రాసి ఉంటుంది.

ఉంగరం బరువు, అడుగునే ఉంటుంది. డ్రెయిన్ మూతకున్న సన్నని చీలికల్లోంచి పోదు. ఉత్తరం నీళ్లలో కరిగే సిరాతో రాసినదైతే రంగు త్వరగా కరిగిపోతుంది. బాల్‌పాయింట్ సిరా నూనె ఆధారమైనది కనుక కాసేపు నిలుస్తుంది, కాగితం చిరగకుండా తీయగలిగితే. నెత్తురు గురించి అడిగినవారికి కూడా ఇక్కడే చెబుతున్నాం: 75 వేల లీటర్ల పూల్‌లో లీటరు నెత్తురు కలిసినా నీళ్లు ఎర్రబడవు. గాయం దగ్గర పొగలా కాసేపు కనిపించి, పలచబడి పోతుంది.

ప్రశ్న: పూల్ అంటే డబ్బున్నవాళ్ల గుర్తే కదా, వేరే అర్థం తీసుకురావడం ఎలా?

జవాబు: ఎవరు దిగవచ్చు, ఎవరు కూడదు అన్న నియమంతో. 1964 జులైలో అచ్చయిన జాన్ చీవర్ ‘ద స్విమ్మర్’ కథలో ఒకాయన ఇరుగుపొరుగు పూల్స్ అన్నీ ఈదుతూ ఇంటికి చేరాలనుకుంటాడు. మధ్యలో పబ్లిక్ పూల్ తగులుతుంది. అక్కడ కాళ్లు కడుక్కోవాలి, గుర్తింపు బిళ్ల ఉండాలి. బిళ్ల లేదని ఆయన్ను బయటికి పంపేస్తారు. ఒక్క బిళ్లతో ఆ మనిషి స్థానం తేలిపోయింది. అదే ఏడాది జూన్ 18న ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఒక మోటెల్ పూల్‌లోకి దిగితే, దాన్ని నడిపే వ్యక్తి ఆ నీళ్లలో ఆమ్లం పోశాడు. పూల్ అంచు సరిహద్దు కూడా అని మరిచిపోతే కథ నీలిరంగు పోస్టర్‌గా మిగులుతుంది. మీరు రాసిన సన్నివేశంలో పూల్ తీసేసి మేడ మీది డాబా పెట్టి చూడండి. ఏమీ మారకపోతే పూల్ అక్కర్లేదు.

ప్రశ్న: బంగళా వెనక ఒలింపిక్ సైజు పూల్ ఉండవచ్చా?

జవాబు: 50 మీటర్ల పొడవు, 25 వెడల్పు. రెండు మీటర్ల లోతుకే 25 లక్షల లీటర్ల నీళ్లు. ‘పెద్ద పూల్’ అనండి.

ప్రశ్న: పాడుబడిన పూల్‌ను నాయకుడు ఒక్క రాత్రిలో శుభ్రం చేసి నింపేస్తాడు. నమ్మశక్యమేనా?

జవాబు: లెక్క వేద్దాం. పది మీటర్ల పొడవు, అయిదు వెడల్పు, సగటున ఒకటిన్నర లోతు: 75 వేల లీటర్లు. నిమిషానికి 200 లీటర్లు తోడే పంపుతో ఖాళీ చేయడానికే ఆరుంపావు గంటలు. నిమిషానికి 20 లీటర్లిచ్చే గొట్టంతో నింపడానికి 62 గంటల పైనే. మధ్యలో గోకడం, కడగడం. వారం ఇవ్వండి.

మందు ఆగిన పూల్ ఎండలో రెండు మూడు రోజుల్లో పచ్చబారుతుంది, ఇంకొన్ని రోజులకు అడుగు కనిపించదు, దోమలు గుడ్లు పెడతాయి. ఒక్క పొరపాటు చాలు: 2016 రియో ఒలింపిక్స్‌లో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పొరపాటున కలవడంతో క్లోరిన్ పనిచేయక డైవింగ్ పూల్ పచ్చగా మారింది. ఖాళీ చేయడంలోనూ ప్రమాదం ఉంది. వానల తర్వాత నేలలో నీరు పైకి వచ్చి ఉంటే, లోపలి బరువు పోయిన ఖాళీ తొట్టి కింది ఒత్తిడికి పగులుతుంది, ఒక్కోసారి మొత్తంగా పైకి లేస్తుంది కూడా.

ఆ పగులు ఉందో లేదో మీ నాయకుడు తెలుసుకునే పద్ధతి సులువు. బకెట్‌లో పూల్ నీళ్లు నింపి మెట్టు మీద పెట్టాలి. లోపలి మట్టమూ బయటి మట్టమూ సమానంగా ఉండేలా చూసి, రెండింటికీ గీత పెట్టి, పంపు ఆపి 24 గంటలు వదిలేయాలి. ఆవిరి రెండింటిలోనూ ఒకేలా పోతుంది. బకెట్‌లో కంటే పూల్‌లో ఎక్కువ దిగితే, తేడా నేలలోకి పోతున్నట్టే.