స్టెప్నీ కోసం డిక్కీ నేల కోయించొద్దు

పాత బండ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, మాది అనంతపురం. మా మామగారి నుంచి నాకు వచ్చిన 1969 నాటి ఎంజీబీ జీటీ అనే బ్రిటిష్ కారు ఉంది. పోయిన ఏడాది పాత 14 అంగుళాల ఇనప చక్రాలు తీసేసి 15 అంగుళాల అలాయ్ వీల్స్, 195/60 టైర్లు వేయించాను. నడపడానికి బాగుంది కానీ ఐదో చక్రం డిక్కీ పలక కింద పట్టడం లేదు. పెట్టి పలక మూస్తే ఒక పక్క లేచి నిలబడుతోంది. మా మెకానిక్ కింది రేకు కోసి, రెండంగుళాలు లోతు పెంచి మళ్ళీ వెల్డింగ్ చేస్తానంటున్నాడు. ప్రస్తుతానికి చక్రాన్ని పలక మీదే పడుకోబెట్టి నైలాన్ తాడుతో కట్టి తిరుగుతున్నాను. కోయించమంటారా?

జవాబు: వద్దండీ, అస్సలు కోయించకండి. ముందు బండి కింద పడుకుని ఒకసారి టార్చి వేసి చూడండి. మీరు స్టెప్నీ పెట్టే రేకు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. అక్కడ కటింగ్ మెషీన్ పెట్టినా, వెల్డింగ్ పెట్టినా ప్రాణాలతో చెలగాటమే. "ట్యాంకు ఖాళీ చేసి చేస్తాంలే సార్" అంటే అసలు నమ్మొద్దు, పెట్రోలు తీసేసిన ట్యాంకులో మిగిలే ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. పోనీ ట్యాంకు దించేసి చేశారే అనుకుందాం, రెండంగుళాలు కిందికి దిగిన రేకు మళ్ళీ ఆ ట్యాంకును ఎక్కడ కూర్చోనిస్తుంది?

ఇంకోటి, ఎంజీబీకి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. 1962లో ఆ మోడల్ వచ్చినప్పటి నుంచీ బాడీయే ఛాసిస్, డిక్కీ నేల కూడా బండి బరువు మోసే రేకుల్లో ఒకటి. దాన్ని కోస్తే వెనక భాగం బలం తగ్గుతుంది. పైగా మీ బండికి యాభై ఏళ్ళు దాటాయి. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకునే అవకాశం మీకుంది, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. అలా రిజిస్టర్ చేసిన బండిని రోజువారీ పనులకు తిప్పడానికి లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలు కొట్టించుకోవడానికే రోడ్డెక్కాలి. మీకు ఇప్పుడు ఆ ఆలోచన లేకపోవచ్చు, రేపు మీ పిల్లలకు రావచ్చు. చక్రాలు మార్చింది ఎప్పుడైనా వెనక్కి తిప్పుకోవచ్చు, కోసిన బాడీని తిప్పుకోలేం.

ఇక ఆ నైలాన్ తాడు సంగతి. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా భయం వేసింది దానికే. మామూలు కార్లో డిక్కీకి, సీట్లకు మధ్య ఒక అడ్డు ఉంటుంది. జీటీలో అది లేదు, వెనక అద్దం తలుపు తెరిస్తే డిక్కీ, వెనక సీటు, మీ తల అన్నీ ఒకే గదిలో ఉన్నట్టు. గుత్తి దాటాక ఎన్‌హెచ్ 44 మీద ఎనభైలో పోతూ ముందు లారీ వాడు బ్రేకు కొడితే, పదిహేను కిలోలకు అటూ ఇటూగా ఉండే ఆ చక్రం అదే ఎనభైతో ముందుకు వస్తుంది. నైలాన్ తాడు సాగుతుంది, ముడి జారుతుంది. ఈ పేజీ చదవడం అయ్యాక ముందు ఆ చక్రం దించి ఇంట్లో పెట్టండి, మిగతావి తర్వాత.

ఇప్పుడు అసలు ఎందుకు పట్టడం లేదో చూద్దాం, ఎందుకంటే పరిష్కారం అందులోనే ఉంది. చాలామంది 15 అంగుళాల చక్రం పెద్దది కాబట్టి పట్టలేదనుకుంటారు. లెక్క వేయండి: 195లో 60 శాతం 117, పైనా కిందా కలిపితే 234, దానికి 15 అంగుళాల రిమ్ము 381 మిల్లీమీటర్లు కలిపితే మొత్తం 615 మిల్లీమీటర్లు. పాత 165 సైజు 14 అంగుళాల టైరు ఎత్తు కూడా దాదాపు 625. అంటే గుండ్రం పెరగలేదు, ఇంకా కాస్త తగ్గింది. పెరిగింది వెడల్పు. నిలబడ్డ చక్రానికి వెడల్పు అయినది పడుకోబెట్టాక ఎత్తు అవుతుంది, 165 నుంచి 195కు పోతే మూడు సెంటీమీటర్లు, అంగుళం పైనే. మీ పలకను లేపుతున్నది అదే.

కాబట్టి ఐదో చక్రం మిగతా నాలుగింటిలాగే ఉండాలన్న పట్టుదల వదిలేయండి. పాత ఇనప చక్రాలు పాత సామాన్ల వాడికి వేయలేదు కదా? నాలుగింటిలో మంచిది ఒకటి ఏరండి, దానికి 165/80 ఆర్ 14 టైరు వేయించండి. స్విఫ్ట్‌కు, డిజైర్‌కు ఏళ్ళ తరబడి వచ్చిన సైజే అది, అనంతపురంలో ఏ టైర్ల షాపులో అడిగినా ఉంటుంది. దాని ఎత్తు 620 మిల్లీమీటర్లు, రోడ్డు మీద ఉన్న మీ టైర్లతో తేడా అయిదు మిల్లీమీటర్లే. ఎంజీబీలో ఇంజన్ తిప్పేది వెనక చక్రాలనే కాబట్టి వెనక రెండు టైర్ల ఎత్తులో తేడా ఎక్కువైతే డిఫరెన్షియల్, అంటే ఆ రెండు చక్రాలు వేరువేరు వేగాలతో తిరిగేలా చూసే గేర్ల పెట్టె, ఆగకుండా పనిచేస్తూ వేడెక్కుతుంది. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. బరువు సంగతి కూడా చూశాను, ఆ టైరు మీద 85 అనే లోడ్ ఇండెక్స్ ఉంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, మీ బండి మొత్తం బరువు టన్ను పైన కొంచెం. వెడల్పు తేడా వల్ల మలుపుల్లో, తడి రోడ్డు మీద పట్టు ఒకలా ఉండదు కాబట్టి అది వేసుకున్నప్పుడు నెమ్మదిగా పోయి, పంక్చర్ వేయించి మళ్ళీ మీ అలాయ్ ఎక్కించుకోండి.

రిమ్ము పాతది కాబట్టి టైరు కూర్చునే అంచు లోపలంతా చూడాలి. తుప్పు పొలుసులుగా లేస్తుంటే రుద్దించి రంగు వేయించండి, ఇంత పాత రిమ్ములో ట్యూబ్‌లెస్‌గా గాలి నిలుస్తుందని నమ్మకుండా రేడియల్ టైరుకు సరిపోయే ట్యూబు వేయిస్తే మంచిది.

నట్ల గురించి ఎవరూ చెప్పరు, రోడ్డు మీద ఇరుక్కునేది మాత్రం అక్కడే. అలాయ్‌లకు వేసిన నట్లు ఇనప చక్రానికి సరిపోతాయన్న నమ్మకం లేదు. కొన్ని అలాయ్ నట్లకు కింద గొట్టంలాంటి మెడ ఉంటుంది, అలాయ్ మందంగా ఉంటుంది కాబట్టి ఆ మెడ రంధ్రంలో కూర్చుంటుంది. పలచటి ఇనప చక్రానికి అదే నట్టు వేస్తే పానాకు బిగిసినట్టే తెలుస్తుంది, చక్రం మాత్రం లూజుగానే ఉంటుంది. ఇనప చక్రానికి కావలసింది కోన్ ఆకారంలో అంచున్న పాత నట్లు. నాలుగు నట్లు ఒక గుడ్డ సంచిలో వేసి స్టెప్నీకే కట్టేయండి. అవి పోయి ఉంటే ఏ నట్టు పడితే ఆ నట్టు కొనొద్దు, ఎంజీబీ బోల్టులు అర అంగుళం యూఎన్ఎఫ్ (అంగుళాల లెక్కలో చేసే సన్న మరలు) రకానివి, మన షాపుల్లో దొరికే 12 ఎంఎం నట్లు వాటికి ఎక్కవు. పాత బ్రిటిష్ బండ్ల సామాన్లు అమ్మే వాళ్ళ దగ్గర తెప్పించుకోండి.

చక్రం తయారయ్యాక పలక కింద సరిగ్గా ఇమిడిందో లేదో తెలుసుకోవడానికి ఒక పని చేయండి. చపాతీ పిండి గట్టిగా కలిపి నాలుగు నిమ్మకాయంత ముద్దలు చేసి, ఒక్కోదాన్ని పాలిథిన్ కవరులో చుట్టి టైరు మీద నాలుగు దిక్కులా పెట్టండి. పలక మెల్లగా దించి, మీ సూట్‌కేసు ఎంత బరువుంటుందో అంత బరువు పైన పెట్టి తీసేయండి. ముద్ద ఎక్కడ పూర్తిగా అణిగిపోయిందో అక్కడ పలక టైరుకు తగులుతోందన్నమాట, సగం మందం మిగిలితే చాలు, ఇబ్బంది లేదు. చక్రం బొడ్డు పైకి పెట్టి ఒకసారి, కిందికి పెట్టి ఒకసారి చూడండి, ఒక్కోసారి తిరగేస్తేనే సరిపోతుంది. ఎక్కడైనా కొద్దిగా తగిలితే కోయాల్సింది రేకును కాదు, పలకను. వడ్రంగితో అదే కొలతకు ప్లైవుడ్ పలక ఒకటి కొత్తగా చేయించుకుని అంచు కింద చిన్న పట్టీ కొట్టించండి. అసలు పలకను మాత్రం భద్రంగా దాచండి.

బిగించడానికి కంపెనీ ఇచ్చిన పద్ధతే మంచిది, నడిమి రంధ్రంలోంచి పొడవాటి బోల్టు, దాని మీద ప్లేటు. అది లేకపోతే లేత్ వర్క్‌షాపులో చేయించవచ్చు, కానీ పట్టుకోవడానికి నేలకు కొత్త రంధ్రం మాత్రం వేయొద్దు. కింద ట్యాంకు ఉందని చెప్పాను కదా, డ్రిల్లు ఒక్క సెంటీమీటరు ఎక్కువ దిగితే చాలు.

స్పేస్ సేవర్ అని సన్నటి టెంపరరీ చక్రం పెట్టుకోమని కూడా కొందరు మీకు చెప్పి ఉంటారు. బోల్టుల వలయం, అంటే పీసీడీ, మీ బండికి 114.3 మిల్లీమీటర్లు, కొన్ని కొత్త కార్లకూ అదే. అది కలిసినంత మాత్రాన చాలదు, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (బోల్టులు బిగించే ముఖం రిమ్ము నడిమికి ఎంత లోపలికో బయటికో ఉందన్న కొలత) కలవాలి, ముందు డిస్క్ బ్రేకు కాలిపర్‌కు తగలకూడదు. పైగా వాటి ఎత్తు తక్కువ, వెనక వేయడానికి లేదు. వెనక పంక్చరైతే ముందు చక్రం వెనక్కి మార్చి దీన్ని ముందు వేయాలి, ఎర్రటి ఎండలో రెండుసార్లు జాకీ ఎత్తాలన్నమాట. ఇంట్లో మంచి ఇనప చక్రం ఉండగా ఇదెందుకు?

ప్రశ్న: కడప నుంచి రాస్తున్నాను. మా పద్మిని కారు డిక్కీలో స్టెప్నీ ఒక్కసారి కూడా వాడలేదు, బటన్లు కొత్తవాటిలా ఉన్నాయి. టైరు మీద చివర 1811 అని ఉంది. తిరుపతి దాకా నమ్ముకుని పోవచ్చా?

జవాబు: పోవద్దు. 1811 అంటే 2011లో 18వ వారం, ఆ టైరు 2011 మే నెల మొదట్లో తయారైంది. వాడినా వాడకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది. కడప ఎండల్లో మూసిన డిక్కీలో పడుకున్న టైరుకు ఇంకా త్వరగా వస్తుంది. పదేళ్ళు దాటిన టైరును, బటన్లు ఎంత ఉన్నా, రోడ్డుకెక్కించకూడదు. రిమ్ము దగ్గర పక్క గోడను బొటనవేలితో గట్టిగా వంచి చూడండి, సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనిపిస్తాయి. కనిపించకపోయినా మార్చండి. కొత్తది కొన్నాక దాన్ని రోడ్డు మీద వేసి, నాలుగింటిలో మంచిదాన్ని స్టెప్నీగా పెట్టుకోండి, కొత్త టైరును డిక్కీలో పెట్టి ముసలిదాన్ని చేయడం ఎందుకు? స్టెప్నీలో గాలి మామూలు కన్నా నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ పెట్టించి, వేసుకున్నాక తగ్గించుకోండి. చూసేది తెల్లవారుజామున, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఒకటిన్నర పీఎస్ఐ దాకా తేడా వస్తుంది, మధ్యాహ్నం కొలిచిన లెక్క పనికిరాదు.

ప్రశ్న: నమస్తే సార్, మాది కర్నూలు. నాది వైరు చక్రాల ఎంజీ మిడ్జెట్. డిక్కీ చాలా చిన్నది, స్టెప్నీ పెడితే ఇద్దరి బట్టలకు కూడా చోటు లేదు. ఇప్పుడు కొత్త కార్లకు స్టెప్నీ అక్కర్లేదంటున్నారు కదా, పంక్చర్ కిట్ పెట్టుకుని స్టెప్నీ తీసేయవచ్చా?

జవాబు: మీ బండికి కుదరదు. 2020లో వచ్చిన ఆ సడలింపు ట్యూబ్‌లెస్ టైర్లు, టైరులో గాలి ఎంతుందో చెప్పే సెన్సర్ల వ్యవస్థ, రిపేరు కిట్ మూడూ ఉన్న బండ్లకు. మీ వైరు చక్రంలో ఒక్కో ఊచ రిమ్ములోకి దూరిన చోట గాలి పోయే సందు ఉంటుంది, అందుకే లోపల ట్యూబు, దాని కింద రిమ్ము టేపు. కిట్‌లో ఉండే పురికొసలాంటి ప్లగ్గు ట్యూబ్‌లెస్ టైరుకే పనికొస్తుంది, ట్యూబులో పడ్డ చిల్లిని అది మూయలేదు. నంద్యాల వైపు పోతే రోడ్డు పక్క కంప ముళ్ళు, బేతంచెర్ల వైపు పోతే బండల లారీల నుంచి రాలిన రాతి పెచ్చులు, మీకు తెలియనివి కావు. చిల్లి పడితే చక్రం మార్చడం ఒక్కటే దారి.

చోటు కోసం బట్టలు మెత్తటి సంచుల్లో సర్దండి, సూట్‌కేసు వద్దు. మెత్తటి సంచి స్టెప్నీ గుంటలోనూ, చుట్టూ మూలల్లోనూ ఒదుగుతుంది. ఇంకా చోటు కావాలంటే డిక్కీ మూత మీద బిగించే క్యారియర్ దొరుకుతుంది, బట్టలు దాని మీద వేయండి, చక్రం మాత్రం లోపలే ఉండనివ్వండి. రాగి సుత్తి తప్పకుండా పెట్టుకోండి, వైరు చక్రాన్ని పట్టి ఉంచేది నడిమిన ఉండే ఒకే చెవుల నట్టు, మామూలు ఇనప సుత్తితో కొడితే దాని చెవులు చితికిపోతాయి. ఆ నట్టు ఎడమ పక్క చక్రాలకు ఒకవైపు, కుడి పక్క వాటికి ఇంకోవైపు తిరుగుతుంది, ఊడదీసే దిక్కుకు దాని మీదే బాణం గుర్తు ఉంటుంది. చీకట్లో తప్పు వైపు కొట్టి బిగించుకోకుండా ఇంటి దగ్గర పగలే ఒకసారి తీసి, గాళ్ళకు గ్రీజు రాసి మళ్ళీ వేసి చూసుకోండి. జాకీ కింద వేయడానికి అడుగు పొడవు మందపాటి చెక్క ముక్క కూడా ఒకటి డిక్కీలో పడేయండి, మీ వైపు నల్లరేగడి, వాన పడ్డాక రోడ్డు దిగి ఆపితే చెక్క లేకుండా జాకీ దిగిపోతుంది.