రెండు ప్లాస్టిక్ మోడల్ కిట్ల భాగాలు కలిపి ఒకే మోడల్ చేయాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ముందు స్కేలు, అంటే అసలు వస్తువులో మోడల్ ఎన్నో వంతో చూడండి. 1.75 మీటర్ల మనిషి 1/72లో సుమారు 24 మిల్లీమీటర్లు, 1/48లో 36 మిల్లీమీటర్లు ఉంటాడు. పైపులు, ఇంధన ట్యాంకుల్లాంటివి ఏ స్కేలువైనా కలిసిపోతాయి. తలుపులు, నిచ్చెనలు, సీట్లు మాత్రం తేడాను వెంటనే పట్టిస్తాయి.

అతికించకముందే భాగాలను మాస్కింగ్ టేపుతో నిలబెట్టి అన్ని వైపుల నుంచీ చూడండి. కోయాల్సిన చోట గీత గీసి, సన్న పళ్ల రంపంతో ఆ గీతకు అర మిల్లీమీటరు బయటగా కోసి, మిగిలింది 400 నంబరు ఉప్పుకాగితంతో అరగదీయండి. ఎక్కువ కోస్తే వెనక్కి తేలేం కదా!

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది జిగురు దగ్గరే. ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురు కిట్లలోని పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది. అందుకే అతుకు దగ్గర రంగు ఉంటే పూర్తిగా గీకేయాలి. ఎక్కువ పోస్తే ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోతుంది. రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే మరో రకం ప్లాస్టిక్), లోహం ఈ సిమెంట్‌తో అతకవు, వాటికి సూపర్ గ్లూ వాడాలి. ఆ అతుకు పెళుసు కాబట్టి, రెక్క, చెయ్యి లాంటి బరువు మోసే చోట రెండు వైపులా 1 మిల్లీమీటరు రంధ్రం చేసి లోపల ఇత్తడి తీగ పెట్టండి.

పెద్ద సందులను పుట్టీతో (సందులు పూడ్చే ముద్దతో) నింపొద్దు, ఆరేకొద్దీ అది కుంగుతుంది. ముందు స్టైరీన్ పట్టీ (అదే ప్లాస్టిక్‌తో చేసిన సన్నని పట్టీ) ముక్క అతికించి, మిగిలిన సన్నటి సందుకే పుట్టీ పలుచగా పూయండి. కనీసం ఒక రోజు ఆరాకే అరగదీయండి. తొందరపడితే రంగు వేశాక అతుకు గీత మళ్లీ తేలుతుంది. ఆఖరున బూడిదరంగు ప్రైమర్, అంటే అసలు రంగుకు ముందు వేసే అడుగుపూత కొట్టండి. రంగురంగుల ముక్కలన్నీ ఒకే రంగులోకి వచ్చాక మిగిలిన గీతలు, గుంటలు స్పష్టంగా కనిపిస్తాయి.