వంటింటి వ్యాపారం: మీ ప్రశ్నలు, మా జవాబులు

మా పచ్చళ్లకు రెండేళ్ల కిందట ఒకబ్బాయి వెబ్‌సైట్ చేసిపెట్టాడు. ఏటా డబ్బు అతనికే పంపుతున్నాం. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. పేరు గడువు వచ్చే నెలతో అయిపోతుందని ఎవరో చెప్పారు. ఏం చేయాలి?
— పచ్చళ్ల వ్యాపారి, కరీంనగర్

వెబ్‌సైట్ అని మనం ఒక్కమాటలో అంటాం కానీ అందులో మూడు వేర్వేరు సరుకులుంటాయి: డొమైన్ పేరు (సైటు అడ్రసు), సైటును ఉంచిన హోస్టింగ్, లోపలి రాతలూ ఫొటోలూ. హోస్టింగ్ పోతే ఇంకోచోట కొనుక్కోవచ్చు, రాతలు మళ్లీ రాసుకోవచ్చు. పేరు పోతే మాత్రం సీసాల మీద అంటించిన లేబుళ్లన్నీ దండగే. అందుకని ముందు పేరు సంగతి చూడండి.

మీది డాట్ కామ్ పేరైతే డొమైన్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో దాన్ని కొట్టి చూడండి. యజమాని వివరాలు దాచి ఉన్నా, ఏ రిజిస్ట్రార్ (పేర్లు అమ్మే కంపెనీ) దగ్గర కొన్నారో, గడువు ఏ తేదీ వరకో, ఆ పేరు కొడితే ఎటు వెళ్లాలో చెప్పే నేమ్‌సర్వర్లు ఏవో కనబడతాయి. ఆ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఆ అబ్బాయికి తగాదా ధోరణిలో కాకుండా వాట్సాప్‌లో ఒకే ఒక్క పని అడగండి: అదే రిజిస్ట్రార్ దగ్గర మీరు తెరిచిన కొత్త ఖాతాలోకి ఆ పేరును మార్చమనండి. వేరే రిజిస్ట్రార్‌కు తరలించడం కన్నా ఇది తేలిక. సాధారణంగా అదే రోజు అయిపోతుంది, అతనికీ పది నిమిషాల పనే. ఈ ఏడాది రెన్యువల్ డబ్బు మీరే కడతామని కూడా చెప్పండి. చాలామంది ఫోన్ ఎత్తకపోవడానికి అసలు కారణం ఆ డబ్బు దగ్గరే ఉంటుంది.

వేరే రిజిస్ట్రార్‌కే వెళ్లాలనుకుంటే అతను ట్రాన్స్‌ఫర్ లాక్ తీసి, బదిలీకి అనుమతినిచ్చే ఆథరైజేషన్ కోడ్ ఇవ్వాలి. బదిలీకి ఐదారు రోజులు పడుతుంది, డాట్ కామ్ గడువుకు ఒక ఏడాది కలుస్తుంది. కొత్తగా కొన్న పేరైనా, ఇటీవలే బదిలీ అయిన పేరైనా 60 రోజుల దాకా కదలదు. యజమాని పేరు మార్చినా చాలాచోట్ల అదే 60 రోజుల తాళం పడుతుంది. కాబట్టి ముందు బదిలీ, తర్వాతే యజమాని పేరు దిద్దుబాటు. ఈ వరస తప్పితే రెండు నెలలు ఆగాల్సి వస్తుంది.

బదిలీకి ముందు డీఎన్ఎస్ పేజీలో (పేరును సైటుకూ మెయిల్‌కూ కలిపే పట్టికలో) ఉన్న రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీయించండి. నేమ్‌సర్వర్లు మారాక సైటు బాగానే తెరుచుకుంటుంది, మెయిల్ మాత్రం చప్పుడు లేకుండా ఆగిపోతుంది. మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డు కొత్తచోట ఎక్కించకపోవడమే దానికి కారణం.

అతను అసలు పలకకపోతే? డొమైన్ మీ పేరున, మీ ఈమెయిల్‌తో నమోదై ఉంటే రిజిస్ట్రార్ సహాయ విభాగానికి గుర్తింపు పత్రం, రసీదు చూపించి ఖాతా అడగవచ్చు. అతని పేరునే నమోదై ఉంటే, డబ్బు మీరే కట్టారన్నా రిజిస్ట్రార్ వినడు. రిజిస్ట్రార్ లెక్కలో యజమాని ఆ అబ్బాయే. అప్పుడు ఇవాళే అదే పేరును డాట్ ఇన్‌లో మీ ఖాతాలో, మీ కార్డుతో కొనేసి, తర్వాత అచ్చేసే లేబుళ్ల మీద అది వేయించండి. పాత పేరు మీద ఆశ పూర్తిగా వదలనక్కర్లేదు. డాట్ కామ్ పేరు గడువు దాటగానే ఎవరికిపడితే వారికి దొరకదు. ముందు రిజిస్ట్రార్ ఇచ్చే వెసులుబాటు రోజులు, అది 45 దాకా ఉండవచ్చు. తర్వాత పాత యజమాని ఎక్కువ రుసుము కట్టి విడిపించుకునే 30 రోజులు. ఆ పైన, పేరును తొలగించే ముందు ఇంకో ఐదు రోజులు. అవన్నీ దాటితేనే పేరు బజార్లోకి వస్తుంది. మంచి పేరైతే ఈలోపే వేలంలో పోవచ్చు కూడా.

వెల్లుల్లి లేకుండా ఆవకాయ పెడితే రెండో నెలకల్లా పైన తెల్లగా పొర కడుతోంది. వెల్లుల్లి లేకపోవడం వల్లేనా? కిలో ముక్కలకు కొలతలు చెప్పండి.
— ఒక గృహిణి, తెనాలి

వెల్లుల్లికీ దీనికీ సంబంధం లేదు. ఆవకాయను నిలిపేవి ఉప్పు, పులుపు, పైన తేలే నూనె. మీ జాడీలో వీటిలో ఏదో ఒకటి తగ్గింది.

కాయ తుడిచి, కొట్టి, జీడీ లోపలి పొరా తీసేశాక తూచిన కిలో ముక్కలకు కారం 200 గ్రాములు, ఆవపిండి 200, ఉప్పు 200, మెంతులు 20, నువ్వుల నూనె 400 నుంచి 500 మిల్లీలీటర్లు. వెల్లుల్లి బదులు ఇంకేమీ అక్కర్లేదు. కావాలంటే గుప్పెడు శనగలు వేసుకోండి, ఊరాక బాగుంటాయి. ఉప్పు మాత్రం గ్లాసుతో కాకుండా తూకంతోనే వేయండి. కళ్లుప్పు గ్లాసెడు తక్కువ తూగుతుంది, మెత్తని ఉప్పు ఎక్కువ తూగుతుంది. అమ్మమ్మ చెప్పిన గ్లాసు కొలత కళ్లుప్పుది కావచ్చు, దంచిన ఉప్పుది కావచ్చు. మీ చేతిలో ఉన్నది ఇంకోటైతే లెక్క తప్పుతుంది. పచ్చడి పాడవడానికి నీటిచుక్క తర్వాత ఇదే పెద్ద కారణం.

కాయ గట్టిగా, పుల్లగా, టెంక ముదిరి ఉండాలి. కొత్తపల్లి కొబ్బరి, చిన్న రసాలు అందుకే అడుగుతారు. లోపల పసుపు తిరిగిన కాయలో తీపి చేరుతుంది, పులుపు తగ్గుతుంది, ముక్క త్వరగా మెత్తబడుతుంది. ఆవాలు మిక్సీలో ఆపకుండా తిప్పితే వేడెక్కి చేదెక్కుతాయి. ఎండబెట్టి చల్లారాక, కొద్దికొద్దిగా ఆపి ఆపి కొట్టండి.

మూడో రోజు తిరగ కలపడం మానకండి. అడుగున చేరిన ఊటా పిండీ పైకి రావాలి. అప్పుడే ఉప్పు చూసి, చాలకపోతే కలపండి. ఆ తర్వాత ముక్కలు అదిమితే నూనె వేలి మందాన పైన నిలవాలి. నిలవకపోతే ఇంకొంచెం నూనె పోయండి. నూనె పైకి తేలిన ముక్క దగ్గరే తెల్లపొర మొదలవుతుంది. బూజు పట్టిన జాడీని పైపొర తీసేసి సరిపెట్టుకోకండి. అమ్మే సరుకైతే అసలే వద్దు, మొత్తం పారేయండి.

కొరియర్‌లో పంపేవారికి ఇంకో మాట. మూడో రోజున కలిపి వెంటనే సీసాల్లో నింపేస్తే ముక్క ఇంకా నూనె పీలుస్తూనే ఉంటుంది, దారిలో పైన ఎండిపోతుంది. మూడు వారాలు జాడీలో ఊరనిచ్చి, మెడ కింద అరంగుళం ఖాళీ వదిలి నింపి, ఇండక్షన్ సీల్ (మూత కింద వేడితో అంటించే రేకు) వేయించండి. మూత ఎంత బిగించినా ఒక్క మూతతో నూనె ఆగదు.

మా సైటులో ఆర్డర్ ఫారం నింపినవాళ్ల మెయిల్ మాకు రావడం లేదు. ఒకోసారి స్పామ్‌లో దొరుకుతోంది. సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంది.
— కర్రీ పాయింట్ నిర్వాహకులు, భీమవరం

ఫారం సెట్టింగుల్లో ‘ఫ్రమ్’ గడి చూడండి. అక్కడ కస్టమర్ ఇచ్చిన మెయిల్ అడ్రసు పెట్టి ఉంటే తప్పు అక్కడే. అంటే మీ హోస్టింగ్ సర్వర్ కస్టమర్ పేరుతో ఉత్తరం రాస్తోందన్నమాట. ఆయనది యాహూ అడ్రసైతే, ఆ ఉత్తరం యాహూ సర్వర్ నుంచి రాలేదని జీమెయిల్ కనిపెట్టి పక్కన పడేస్తుంది. ‘ఫ్రమ్’ గడిలో మీ సొంత అడ్రసు, ‘రిప్లై టు’ గడిలో కస్టమర్ అడ్రసు పెట్టండి.

అది సరిచేసినా రాకపోతే, హోస్టింగ్ నుంచి నేరుగా కాకుండా ఎస్ఎమ్‌టీపీ ద్వారా, అంటే మీ మెయిల్ ఖాతాతో లాగిన్ అయి పంపే ప్లగిన్ (సైటుకు తగిలించే చిన్న ప్రోగ్రాం) ఒకటి వేయండి. జీమెయిల్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేస్తే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తయారు చేసుకోవచ్చు. ప్లగిన్‌లో మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, ఆ 16 అక్షరాలే ఇవ్వాలి. పోర్టు 587, భద్రత టీఎల్ఎస్. అప్పుడు ‘ఫ్రమ్’లో కూడా ఆ జీమెయిల్ అడ్రసే ఉండాలి. ఉచిత జీమెయిల్‌తో రోజుకు 500 మెయిళ్లే వెళ్తాయి. కర్రీ పాయింట్‌కు అది చాలు.

మీ డొమైన్ పేరుతోనే మెయిల్ పంపుతుంటే డీఎన్ఎస్‌లో ఎస్పీఎఫ్ రికార్డు (మీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పేది) ఒక్కటే ఉందో లేదో చూడండి. హోస్టింగ్‌వాళ్లు ఒకటి, మెయిల్ సర్వీసువాళ్లు ఇంకొకటి పెట్టమంటారు. రెండూ విడివిడిగా పెడితే రెండూ చెల్లవు, ఒకే వరుసలో కలపాలి. పరీక్షించడానికి ఒక ఆర్డర్ మీరే నింపి, వచ్చిన మెయిల్‌ను కంప్యూటర్‌లో జీమెయిల్‌లో తెరిచి ‘షో ఒరిజినల్’ నొక్కండి. మెయిల్ అసలుదేనా అని చూసే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షల పక్కన పాస్ అని ఉందో ఫెయిల్ అని ఉందో అక్కడే రాసి ఉంటుంది.

ఆర్డర్లను మెయిల్ మీద ఒక్కదాని మీదే వదలకండి. ఫారం నింపిన ప్రతిదీ సైటులోనే దాచుకునే సదుపాయం చాలా ప్లగిన్లలో ఉంటుంది, దాన్ని ఆన్ చేసి పెట్టండి.

తెలుగులో ఎస్ఎమ్ఎస్ పంపితే ఇంగ్లిష్ దానికన్నా రెండు మూడింతలు చార్జీ పడుతోంది. మోసమా?
— స్వీట్ల దుకాణం, నిజామాబాద్

మోసం కాదు, లెక్క అంతే. ఇంగ్లిష్ అక్షరాలతో ఒక మెసేజ్ 160 దాకా వెళ్తుంది. తెలుగు వస్తే ఆ హద్దు 70కి పడిపోతుంది. అది దాటితే ముక్కలై, ముక్కకు 67 చొప్పున పోతుంది. పైగా గుణింతం, పొల్లు, సున్నా వేటికవే ఒక్కోటిగా లెక్క. ‘మీ ఆర్డర్ వచ్చింది’ కంటికి ఏడక్షరాలు. ఖాళీలతో కలిపి లెక్కలో 18. ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరమో, చివర ఒక నవ్వు బొమ్మో ఉన్నా మొత్తం మెసేజ్ 70 లెక్కలోకే వెళ్తుంది. తెలుగులోనే పంపాలంటే 70 లోపు కుదించి, ఆ రూపంలోనే డీఎల్‌టీలో (వ్యాపార ఎస్ఎమ్ఎస్‌ల కోసం టెలికాం కంపెనీలు నడిపే నమోదు వ్యవస్థలో) టెంప్లేట్ నమోదు చేయించండి. నమోదయ్యాక మాటలు మారిస్తే మెసేజ్ వెళ్లదు.

బోరు నీళ్లతో టమాటా పప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకడం లేదు.
— ఒక పాఠకురాలు, అనంతపురం

రెండు శత్రువులు ఒకేసారి పనిచేస్తున్నాయి: నీళ్లలోని సున్నం, టమాటా పులుపు. రెండూ పప్పుబద్దను మెత్తబడనివ్వవు. గ్లాసు కందిపప్పును అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, చెంచా నూనెతో విడిగా ఉడికించండి. పావు కిలో టమాటాలు, పచ్చిమిర్చి వేరే గిన్నెలో మగ్గించి, పప్పు మెదిపాక కలపండి. చింతపండూ ఉప్పూ అప్పుడే. బోరు నీళ్లు తప్పకపోతే ముందు పది నిమిషాలు మరగబెట్టి, తెల్లని మడ్డి అడుగున తేరాక పైనీళ్లు వాడండి. సున్నం కొంతైనా తగ్గుతుంది. వంట సోడా చిటికెడు వేస్తే ఉడుకుతుంది కానీ, ఎక్కువైతే జిగురొచ్చి సబ్బు వాసన వేస్తుంది. దాన్ని చివరి ఉపాయంగానే ఉంచుకోండి. ఇవన్నీ చేసినా ఉడకకపోతే పప్పు పాతది, కొట్టు మార్చండి.

చలికాలంలో ఇక్కడ ఇడ్లీ పిండి పులుస్తుంది కానీ పొంగదు. ఇడ్లీలు బిళ్లల్లా వస్తున్నాయి.
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

పుల్లబడుతోంది అంటే సూక్ష్మజీవులు పనిచేస్తున్నాయి, కాబట్టి వేడి ఒక్కటే కారణం కాదు. గాలిని పట్టి ఉంచేది మినప్పిండి. దాని రుబ్బుడు చూడండి. గ్లాసు మినపగుళ్లు నాలుగు గంటలు నానబెట్టి, ఫ్రిజ్ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, మిక్సీ వేడెక్కకుండా ఆపి ఆపి రుబ్బండి. గిన్నెడు నీళ్లలో చిన్న ఉండ వేస్తే తేలాలి. మునిగితే ఇంకా రుబ్బాలి, లేదా గుళ్లు బాగా పాతవి. ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు కడిగి, నానబెట్టి, నీళ్లు పోయేలా గట్టిగా పిండేసి అందులో కలపండి. పిండి జారుగా ఉంటే బుడగలన్నీ పైకి లేచి పోతాయి.

గిన్నెను సగానికి మించి నింపకుండా, వెలిగించని అవెన్‌లో లైటు మాత్రం వేసి పెట్టండి. లోపల 28 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉంటే పది నుంచి పద్నాలుగు గంటల్లో పొంగుతుంది. పొంగిన పిండిని గరిటెతో తెగ కలపకండి. పైనుంచి తీసి నేరుగా రేకుల్లో వేయండి.