సోలారిస్‌లో సీడీ నుంచి జీసీసీ వేసుకునేవారికి నా అనుభవం

మీరు అడిగింది ఇది: సోలారిస్ 8 (సన్ కంపెనీ యునిక్స్ ఆపరేటింగ్ సిస్టం) నడుస్తున్న పాత సన్ అల్ట్రా 5 కంప్యూటర్ మీ దగ్గర ఉంది, దానికి ఇంటర్నెట్ లేదు. సన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పెట్టి ఇచ్చిన కంపానియన్ సీడీ నుంచి జీసీసీ (ప్రోగ్రాంను యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చే కంపైలర్) వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు వేసుకోవాలా, లేక సోర్స్ (ప్రోగ్రాం మూల పాఠం) తెచ్చుకుని కంపైల్ చేసుకోవాలా? ఇదే యంత్రం మీద, ఇదే సీడీతో, ఒక ఇంజినీరింగ్ కళాశాల ల్యాబ్‌లో నేను ఈ పని చేశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ముందు ప్యాకేజీలే వేసుకోండి. సోర్స్ మాట తరువాత చూద్దాం.

జీసీసీ సోర్స్‌ను కంపైల్ చేయడానికి కూడా ముందొక కంపైలర్ కావాలి కదా! సన్‌ఓఎస్ 4 దాకా వ్యవస్థతో పాటు ఒక సీ కంపైలర్ వచ్చేది. సోలారిస్ 2 నుంచి దాన్ని విడదీసి వేరే ధరకు అమ్మారు. అయినా యూఎస్‌ఆర్ డైరెక్టరీ కింద యూసీబీలో సీసీ అనే ఆదేశం పేరు మాత్రం మిగిలింది. దాన్ని నమ్మి ప్రోగ్రాం ఇచ్చినవారికి "లాంగ్వేజ్ ఆప్షనల్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజ్ నాట్ ఇన్‌స్టాల్డ్" అనే ఒక్క వాక్యం ఎదురవుతుంది. ఆ వాక్యం చూసి యంత్రం చెడిపోయిందని భయపడ్డ విద్యార్థులు నాకు ఎంతోమంది తెలుసు.

సీడీ నుంచి వేయడం పైకి తేలికే. సీడీని డ్రైవ్‌లో పెడితే వోల్డ్ అనే డెమన్ (తెర వెనుక నడిచే ప్రోగ్రాం) దానికదే మౌంట్ చేస్తుంది (డైరెక్టరీగా కనిపించేలా తగిలిస్తుంది), సీడీరామ్ డైరెక్టరీ కింద సీడీరామ్0 కనిపిస్తుంది. రూట్‌గా (సర్వాధికారాలున్న సూపర్ యూజర్‌గా) లాగిన్ అయి, స్పార్క్ (ఈ యంత్రంలోని ప్రాసెసర్ రకం) ప్యాకేజీలున్న చోటికి వెళ్లి, ప్యాకేజీలు వేసే పీకేజీయాడ్ ఆదేశానికి మైనస్ డి తోడుచేసి ఆ డైరెక్టరీని చూపించాలి. ఫైళ్లన్నీ ఆప్ట్ అనే డైరెక్టరీ కింద ఎస్‌ఎఫ్‌డబ్ల్యూ అనే డైరెక్టరీలో పడతాయి. మీ డిస్కులో రూట్ విభాగం చిన్నదైతే ఆప్ట్‌ను ముందే పెద్ద విభాగంలోకి మార్చి సింబాలిక్ లింక్ (పాత చోటి నుంచి కొత్త చోటికి దారి చూపే పేరు) పెట్టుకోండి. మధ్యలో పీకేజీయాడ్ అడిగే ప్రశ్నలకు చదవకుండా వై అని కొట్టుకుంటూ పోవద్దు. సూపర్ యూజర్ అధికారంతో స్క్రిప్టులు నడపబోతున్నానని అది చెప్పేది అక్కడే, ఇదివరకే ఉన్న ఫైలు మీద మరొకటి రాయబోతున్నానని హెచ్చరించేదీ అక్కడే. ఒక ప్యాకేజీకి మరొక ప్యాకేజీ అవసరమైతే అది హెచ్చరిక మాత్రమే ఇస్తుంది తప్ప, డెబియన్ లినక్స్‌లో ఏపీటీ అనే సాధనం తెచ్చిపెట్టినట్టు వెతికి తెచ్చిపెట్టదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. జీసీసీ ఒక్కటీ వేస్తే సరిపోదు. కంపైలర్‌కు తోడు కావలసిన హెడర్ ఫైళ్లూ, అసెంబ్లర్, లింకర్ (ప్రోగ్రాం ముక్కలను లైబ్రరీలతో కలిపేది) సన్ ఇచ్చిన ప్యాకేజీలలో ఉంటాయి, అవి ఉండేది కంపానియన్ సీడీలో కాదు, సోలారిస్ ఆపరేటింగ్ సిస్టం సీడీలో. మొదటి ఇన్‌స్టలేషన్‌లో ఎవరో "ఎండ్ యూజర్" వర్గాన్ని ఎంచుకుని ఉంటే అవి మీ యంత్రంలో ఉండవు. కాబట్టి పీకేజీఇన్ఫో నడిపి అవి ఉన్నాయో లేదో చూసుకుని, లేకపోతే రెండు సీడీలనూ చేతికి అందేలా పెట్టుకుని కూర్చోండి.

సీడీ నకలు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మొదట మా ల్యాబ్‌కు చేరింది అసలు సీడీ కాదు. ఎవరో విండోస్ పీసీలో అసలు సీడీ తెరిచి, ఫైళ్లను ఎంచి, లాగి, కొత్త సీడీలోకి కాల్చారు. సీడీల ఫైల్ వ్యవస్థ అయిన ఐఎస్‌ఓ 9660 మీద రాక్ రిడ్జ్ అనే పొడిగింపు ఉంటేనే యునిక్స్‌లో పొడవైన పేర్లు, అనుమతులు, సింబాలిక్ లింకులు నిలుస్తాయి. ఆ నకలులో అది లేదు. పేర్లన్నీ ఎనిమిది అక్షరాలకు కుదించుకుపోయాయి, లింకులు మాయమయ్యాయి, తనకు కావలసిన ఫైలు దొరకక పీకేజీయాడ్ ఆగిపోయింది. ఆ సీడీలో తప్పేమీ లేదని, యంత్రమే పాతదని వాదించినవారితో నా అరపూట గడిచిపోయింది. నకలు తీయాలంటే డీడీ అనే ఆదేశంతో మొత్తం సీడీని ఒకే ఇమేజ్‌గా తీసి, ఆ ఇమేజ్‌నే కాల్చాలి. ఇంత చిన్న సంగతిని పాఠంగా ఎవరూ ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అసలు సీడీ దొరికేసరికి సాయంత్రం ఆరు దాటింది. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి సీ ప్లస్ ప్లస్ ప్రాక్టికల్ పరీక్ష. జీసీసీ 2.95 చక్కగా పడింది. సీలో రాసిన చిన్న ప్రోగ్రాం కంపైల్ అయి నడిచింది కూడా. అదే సీ ప్లస్ ప్లస్‌లో రాసి నడిపితే, కంపైల్ అయింది గానీ నడిచేటప్పుడు లిబ్‌స్టడ్‌సీ ప్లస్ ప్లస్ అనే లైబ్రరీని తెరవలేకపోయానని రన్‌టైమ్ లింకర్ (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు దానికి కావలసిన లైబ్రరీలను జతచేసేది) ఆపేసింది. కారణం తెలిసిందే. ఆ లైబ్రరీ ఆప్ట్ కింద ఎస్‌ఎఫ్‌డబ్ల్యూలోని లిబ్‌లో ఉంది, రన్‌టైమ్ లింకర్ మాత్రం మామూలుగా యూఎస్‌ఆర్ కింద లిబ్‌లోనే వెతుకుతుంది.

ప్రతి విద్యార్థి ప్రొఫైల్‌లోనూ ఎల్‌డీ లైబ్రరీ పాత్ (లైబ్రరీలు వెతికే దారి) రాయడం ఇష్టం లేక, ఆ దారిని యంత్రం మొత్తానికీ మార్చే, సోలారిస్ 8లో ఉన్న సీఆర్‌ఎల్‌ఈ అనే ఆదేశాన్ని వాడాను. మైనస్ ఎల్ ఇచ్చి, కొత్త డైరెక్టరీ పేరు కొట్టి, ఎంటర్ నొక్కాను. ఆదేశం ఏ ఫిర్యాదూ లేకుండా ముగిసింది. తరువాత ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ ఆదేశం కొట్టాను. లిబ్‌సీ అనే మూల లైబ్రరీని తెరవలేకపోయానని, ఇది ప్రాణాంతకమైన లోపమని, ప్రక్రియను చంపేశానని తెర మీద మూడు ముక్కలు కనిపించాయి. క్యాట్ కొట్టినా అంతే, పీఎస్ కొట్టినా అంతే. మైనస్ ఎల్ ఉన్న దారికి కొత్తది కలపదు, ఉన్నదాన్ని తీసేసి తానిచ్చిందే పెడుతుంది. యూఎస్‌ఆర్ లిబ్‌ను నేను జాబితాలో రాయలేదు. దాంతో ఆ క్షణం నుంచి యంత్రంలో కొత్తగా మొదలయ్యే ఏ మామూలు ఆదేశానికీ తన లైబ్రరీ దొరకలేదు.

పక్కన నిలబడ్డ ల్యాబ్ అసిస్టెంటు "సార్, రీబూట్ చేద్దామా?" అని చెయ్యి చాపాడు. "వద్దు, ఆ స్విచ్ ముట్టుకోకండి" అని ఆపాను. తెరిచి ఉన్న ఆ ఒక్క రూట్ షెల్ (మనం కొట్టే ఆదేశాలు తీసుకునే ప్రోగ్రాం) తప్ప మాకు వేరే దారి లేదు. వేరే యంత్రం నుంచి టెల్నెట్‌తో కొత్తగా ఎవరూ లోపలికి రాలేరు. యూపీఎస్ బ్యాటరీ ఎంత పాతదో, మా ఊళ్లో కరెంటు ఏ వేళకు పోతుందో ఇద్దరికీ తెలుసు. సీలింగ్ ఫ్యాను చప్పుడు ఆగుతుందేమోనని వింటూ కూర్చున్న ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

మమ్మల్ని కాపాడినది ఎస్‌బిన్‌లోని షెల్. అది స్టాటిక్‌గా లింక్ చేసినది, అంటే కావలసినదంతా తనలోనే ఉన్నది కాబట్టి ఏ లైబ్రరీ మీదా ఆధారపడదు. దానిలోపలే ఉన్న సీడీ (డిస్కు కాదు, డైరెక్టరీ మార్చే ఆదేశం), ఎకో పనిచేస్తూనే ఉన్నాయి. ఎల్‌ఎస్ లేకపోయినా ఎకో పక్కన నక్షత్రం గుర్తు పెడితే డైరెక్టరీలో ఏమేమి ఉన్నాయో కనిపించింది. వార్ కింద ఎల్‌డీలో ఎల్‌డీ డాట్ కాన్ఫిగ్ అనే ఫైలు అలాగే దొరికింది, సీఆర్‌ఎల్‌ఈ రాసింది దానినే. ఆ షెల్‌లోనే ఎల్‌డీ లైబ్రరీ పాత్‌కు యూఎస్‌ఆర్ లిబ్ ఇచ్చి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును తీసేయమని ఆర్ఎమ్ కొట్టాను. ఫైలు పోయింది. ఎల్‌ఎస్ మళ్లీ పలికింది. ల్యాబ్ అసిస్టెంటు ఏమీ అనకుండా వెళ్లి రెండు గ్లాసుల టీ తెచ్చాడు. ఆ షెల్ కూడా మూసుకుపోయి ఉంటే సోలారిస్ సీడీతో సింగిల్ యూజర్‌గా బూట్ చేసి, రూట్ విభాగాన్ని విడిగా మౌంట్ చేసి, ఆ ఫైలును అక్కడి నుంచి తీసేయవలసి వచ్చేది.

కొత్త డైరెక్టరీని కలపాలంటే మైనస్ యు కూడా చేర్చాలి. అంతకన్నా మంచి పద్ధతి, సీఆర్‌ఎల్‌ఈ జోలికే వెళ్లకుండా లింక్ చేసేటప్పుడు మైనస్ పెద్ద ఆర్ ఆప్షన్‌తో లైబ్రరీ దారిని ప్రోగ్రాంలోనే రాయించడం. ఆ రాత్రి మేక్‌ఫైల్‌లో (ఎలా కంపైల్ చేయాలో రాసి ఉంచే ఫైలులో) ఆ ఒక్క వరుస చేర్చాను. ఉదయం పరీక్ష సవ్యంగా జరిగింది.

సోర్స్ కంటే ప్యాకేజీ మేలని నేను అనడానికి రెండో కారణం కూడా ఉంది. పీకేజీయాడ్ వేసిన ప్రతి ఫైలు పేరు, అనుమతులు, పరిమాణం, చెక్‌సమ్, అది ఏ ప్యాకేజీకి చెందినదో, అన్నీ వార్ కింద శాడ్‌మ్‌లో కంటెంట్స్ అనే ఫైలులో నమోదవుతాయి. ఏడాది తరువాత ఏదైనా ఫైలు చెడిందని అనుమానం వస్తే పీకేజీసీహెచ్‌కే చెబుతుంది, అక్కరలేని ప్యాకేజీని పీకేజీఆర్ఎమ్ శుభ్రంగా తీసేస్తుంది. సోర్స్ కంపైల్ చేసి మేక్ ఇన్‌స్టాల్ ఆదేశంతో యూఎస్‌ఆర్ లోకల్‌లో కుమ్మరించిన దానికి ఈ లెక్క ఉండదు. నేను చేరేనాటికి మా ల్యాబ్‌లో ఆ డైరెక్టరీలో మూడు రకాల మేక్ ప్రోగ్రాంలు ఉన్నాయి. ఎవరు వేశారో, ఎందుకు వేశారో చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు. సోర్స్ నుంచి కంపైల్ చేయడం నాకూ ఇష్టమే, నేర్చుకోవడానికి దాన్ని మించినది లేదు. కానీ పదిమంది వాడే యంత్రంలో చేసేటప్పుడు ఏం వేశారో, ఏ తేదీన వేశారో రాసి పెట్టండి.

ఇంకొక బాధ కూడా చెప్పుకోనివ్వండి. ఈ సీడీ కొనడానికి బిల్లు పెడితే, ఉచిత సాఫ్ట్‌వేర్‌కు డబ్బు ఎందుకని, డబ్బు తీసుకుంటే అది పైరసీ కాదా అని ఒక కార్యాలయంలో నన్ను అడిగారు. ఈ రంగంలో ఉచితం అనే మాట చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో ఈమ్యాక్స్ అనే ఎడిటర్ ఉన్న టేపును 150 డాలర్లకు అమ్మారు. 1991లో వచ్చిన జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ రెండో కూర్పు కూడా నకలు అందించినందుకు రుసుము తీసుకోవచ్చని స్పష్టంగా చెబుతుంది. బైనరీ (కంపైల్ అయిన రూపం) మాత్రమే ఇచ్చేవారు కనీసం మూడేళ్లపాటు సోర్స్ ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలని కూడా అదే చెబుతుంది. అందుకే నేను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే మాటనే పట్టుబట్టి వాడతాను. మీ సీడీలో లైసెన్స్ రాసి ఉండే కాపీయింగ్ అనే ఫైలు ఉంటే దాన్ని కూడా తెరిచి చదవండి.

మొదలుపెట్టే ముందు సీఆర్‌ఎల్‌ఈని ఏ ఆప్షనూ లేకుండా నడపండి. ప్రస్తుతం ఏ దారిలో వెతుకుతోందో అది చూపిస్తుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి. రెండో టెర్మినల్‌లో ఒక రూట్ షెల్ తెరిచి ఉంచి, పని ముగిసేదాకా దాన్ని మూయకండి. పని అయ్యాక ఆ షెల్‌లలో ఏదీ సీడీరామ్ డైరెక్టరీలో నిలిచి లేకుండా చూసుకుని ఎజెక్ట్ ఆదేశం ఇవ్వండి. లేకపోతే డివైస్ బిజీ అంటుంది, డ్రైవ్ ముందున్న బొత్తాన్ని ఎంత నొక్కినా ట్రే బయటకు రాదు.