సాఫ్ట్‌వేర్‌తో గుర్రప్పందాల్లో వాల్యూ దొరుకుతుందా? మూడు సీజన్లు లెక్క రాసిన అనుభవం

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు. కాజీపేటలో ఉంటున్నావు, డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివావు, పైథాన్ కొంచెం వచ్చు. హైదరాబాద్ మలక్‌పేట రేసుల్లో సాఫ్ట్‌వేర్ వాడి వాల్యూ ఉన్న పందాలు, అంటే గెలిచే అవకాశానికి మించి రాబడి ఇచ్చేవి, పట్టుకోవచ్చా, టెలిగ్రామ్‌లో ఎవరో అమ్ముతున్న పన్నెండు వేల టూల్ కొనాలా, ల్యాప్‌టాప్ మార్చాలా అన్నావు. ఇదే పని నేను మూడు సీజన్లు చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, టూల్ కొనకు. వాల్యూ అనేది నిజంగా ఉంది, సాఫ్ట్‌వేర్‌తో దాన్ని లెక్క కట్టొచ్చు కూడా. కానీ ఇవాళ్టి పన్నులతో అది మన చేతిదాకా రాదు. ఎందుకు రాదో నీ అంతట నువ్వే లెక్క వేసి చూసుకోవాలని ఇదంతా రాస్తున్నా.

నేను ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు చూస్తాను. రేసులు మా మేనమామ వల్ల తెలిశాయి. చిన్నప్పుడు ఆయన వెంట వరంగల్‌లో శాతవాహన ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి మలక్‌పేట పోయేవాణ్ణి. దారి పొడుగునా రేసు బుక్కు మీద పెన్సిల్‌తో గీతలు గీస్తూ, "ఇది గెలుస్తదిరా" అనేవాడు. చాలాసార్లు గెలిచేది కూడా. అయినా సాయంత్రం రైలెక్కేసరికి జేబు ఖాళీ. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు, మార్కెట్లో పనికి కుదిరాక అర్థమైంది.

తేజ మిర్చి కొనే ఖరీదుదారు సరుకు బాగుందా అని మాత్రమే చూడడు. ఎంతకు దొరుకుతోంది, ఎంతకు పోతుంది అని చూస్తాడు. మంచి సరుకే ఎక్కువ ధరకు కొంటే నష్టం, నాసి సరుకు తగిన ధరకు కొంటే లాభం. మామ గుర్రాన్ని చూసేవాడు, భావు, అంటే దాని మీద పందేనికి ఎంత ఇస్తారో ఆ రేటు, చూసేవాడు కాదు. వాల్యూ అంటే ఈ తేడానే. గుర్రం గెలిచే అవకాశం ఎంత అని నువ్వు వేసిన అంచనాను, పెట్టుబడితో కలిపి రూపాయికి వచ్చే రాబడితో గుణించు. ఒకటి దాటితే వాల్యూ ఉన్నట్టు.

నాలుగుకు ఒకటి భావు ఉన్న గుర్రం తీసుకో. వంద పెట్టి గెలిస్తే పెట్టుబడితో కలిపి ఐదు వందలు వస్తాయి. దానికి 25 శాతం అవకాశం ఉందని నీ మోడల్, అంటే అవకాశాలు లెక్కకట్టే నీ ప్రోగ్రామ్, చెప్పింది. 0.25 గుణించు 5, అంటే 1.25. వందకు సగటున 25 రూపాయల లాభం. బాగానే ఉంది. కానీ అసలు అవకాశం 25 కాదు, 19 అయితే? 0.95. వందకు ఐదు నష్టం. ఆరు శాతం అంచనా తప్పితే లాభం కాస్తా నష్టమైపోయింది. కాబట్టి నీ ప్రశ్న "ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి" కాదు, "నా అంచనా ఆరు శాతం లోపు తప్పుతోందా" అన్నది.

పందేలు తీసుకునే బుకీ బోర్డు మీద ఉన్న భావులు అవకాశాలను నేరుగా చెప్పవు. ఒక రేసులో ఏడు గుర్రాలకు వచ్చే రాబడి 2, 4, 5, 8, 10, 20, 20 రెట్లు అనుకో. ఒకటిని ఒక్కోదానితో భాగిస్తే 50, 25, 20, 12.5, 10, 5, 5 శాతాలు. కూడితే 127.5. వంద మీద ఉన్న ఆ 27.5 బుకీ వాటా. అందుకే ఫేవరెట్‌కు, అంటే అన్నిటికంటే తక్కువ రాబడి ఉన్న మొదటి గుర్రానికి, మార్కెట్ ఇస్తున్న అసలు అవకాశం 50 కాదు, 50ని 1.275తో భాగిస్తే వచ్చే 39 శాతం. ఈ భాగహారం చేయకుండా భావును మోడల్‌తో పోల్చేవాళ్లను చాలామందిని చూశాను. బుకీ దగ్గర కాకుండా క్లబ్బు నడిపే టోట్‌లో కాస్తే ఇంకో చిక్కు ఉంది. అందరి డబ్బూ ఒక కుప్పలో పడి, క్లబ్బు వాటా, పన్ను పోయాక మిగిలింది గెలిచినవాళ్లు పంచుకుంటారు. పందెం కాసేటప్పుడు చివరి డివిడెండ్, అంటే గెలిస్తే చేతికొచ్చే వాటా, ఎంతో ఎవరికీ తెలియదు. నువ్వు పెద్ద మొత్తం పెడితే నీ డబ్బే నీ డివిడెండ్‌ను తగ్గిస్తుంది.

ఇక నా మోడల్ సంగతి. దీని మీదే నా రాత్రులు ఎక్కువ పోయాయి. ఫలితాల పేజీల నుంచి 430 రేసులు ఎక్సెల్‌లోకి ఎక్కించాను. గుర్రం మోసిన బరువు, దూరం, డ్రా (ఏ గేటు నుంచి మొదలైంది), రేసు క్లాసు, రేటింగ్ (గుర్రం సత్తాకు ఇచ్చే అంకె), జాకీ, కిందటి పరుగు నుంచి ఎన్ని రోజులు, ఇవన్నీ కాలమ్‌లు. తర్వాత పైథాన్‌లో లాజిస్టిక్ రిగ్రెషన్, అంటే ఆ కాలమ్‌ల నుంచి గెలిచే అవకాశం లెక్కకట్టే పద్ధతి. మొదటిసారి నడిపినప్పుడు కాగితం మీద 22 శాతం లాభం చూపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యోగం మానేద్దామా అని కూడా అనుకున్నాను.

రెండు వారాల తర్వాత ఒక వరుస కనబడింది. జీవితంలో మొదటిసారి పరుగెత్తుతున్న గుర్రానికి నా ఫైల్లో రేటింగ్ ఉంది. ఎక్కడి నుంచి వచ్చింది? రేసు అయ్యాక, రేటింగులు ఇచ్చే అధికారి హ్యాండీక్యాపర్ వాటిని మారుస్తాడు, గెలిచినదానికి పెంచుతాడు. నేను గుర్రాల వివరాలు సీజన్ చివర్లో దించుకున్నాను. అంటే జులై రేసు పక్కన అక్టోబరు రేటింగ్ కూర్చుంది. ఫలితం ముందే తెలిసిన కాలమ్‌ను మోడల్‌కు ఇచ్చి, ఎవరు గెలుస్తారో చెప్పమని అడుగుతున్నానన్నమాట. ప్రతి రేసుకూ ఆ రోజు కార్డులో ఉన్న రేటింగ్ మళ్లీ చేత్తో ఎక్కించాను, నెల పట్టింది. 22 శాతం లాభం 14 శాతం నష్టంగా మారింది.

నీ ఫైల్లో కూడా ఇలాంటిది ఒకటి ఉంటుంది, తప్పకుండా వెతుకు. రేసు మొదలయ్యే నిమిషానికి తెలియని సంగతి ఏదీ ఏ కాలమ్‌లోనూ ఉండకూడదు. ఇంకా పని నేర్చుకుంటున్న అప్రెంటిస్ జాకీకి ఇచ్చే బరువు రాయితీ తీసేశాక ఉన్న బరువే రాశావా, ఒకే గుర్రం పేరు రెండు స్పెల్లింగులతో ఉందా, ఇవీ చూసుకో. మొత్తం రేసుల మీద నేర్పి వాటి మీదే పరీక్షించొద్దు. రెండు సీజన్ల మీద నేర్పు, మూడోది తాకకుండా దాచిపెట్టి దాని మీద పరీక్షించు.

తర్వాత చేసిన పరీక్షే నా కళ్లు తెరిపించింది. మోడల్ 25 నుంచి 30 శాతం అవకాశం ఇచ్చిన, భావులో వాల్యూ ఉందని చూపిన గుర్రాలను వేరుగా తీశాను. 118 వచ్చాయి. మోడల్ నిజమైతే దాదాపు 32 గెలవాలి. గెలిచినవి 21. అదే గుర్రాలకు బుకీ వాటా తీసేశాక మార్కెట్ ఇచ్చిన అవకాశం సగటున 19 శాతం, అంటే 22 గెలవాలి. మార్కెట్ మాటే నా మాట కంటే నిజానికి దగ్గరగా ఉంది. పొద్దున ట్రాక్‌వర్క్ (గుర్రాల సాధన పరుగులు) చూసేవాళ్లు, లాయంలో పనిచేసేవాళ్లు, ట్రైనర్‌కు దగ్గరివాళ్లు, వీళ్లందరికీ తెలిసింది భావులో కలిసి ఉంటుంది. గుర్రానికి కాలు నొప్పి అని నా ఎక్సెల్‌కు ఎలా తెలుస్తుంది?

ఈ విషయం పెద్దవాళ్లకూ ఎదురైందే. హాంకాంగ్‌లో కంప్యూటర్‌తో రేసులాడి భారీగా సంపాదించిన బిల్ బెంటర్ 1994లో తన పద్ధతి మీద ఒక వ్యాసం రాశాడు. మోడల్ ఒక్కదాన్నే నమ్మితే, జనం కంటే అది ఎక్కువ అవకాశం ఇచ్చిన చోటే పొరపడుతుందని అందులో చూపించాడు. అందుకే మోడల్ అంచనానూ జనం భావునూ రెండింటినీ మళ్లీ ఒక సమీకరణంలో కలిపాడు. నేనూ అలాగే కలిపాను. నష్టం 14 నుంచి 5కు తగ్గింది, లాభంలోకి మాత్రం రాలేదు. హాంకాంగ్‌లో టోట్ కుప్పలో పడే డబ్బు చాలా ఎక్కువ, పెద్ద పందెం వేసినా డివిడెండ్ అంతగా కదలదు. అవే గుర్రాలు సీజన్ పొడుగునా అక్కడే పరుగెడతాయి కాబట్టి డేటా నిండుగా ఉంటుంది. మలక్‌పేటకు వానాకాలంలో వేరే ఊళ్ల నుంచి వచ్చే గుర్రాల పాత రికార్డు వేరే ట్రాకు మీదిది.

ఎంత పెట్టాలో చెప్పే కెల్లీ సూత్రం 1956 నాటిది, బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జె.ఎల్. కెల్లీది. పైన చెప్పిన 25 శాతం గుర్రానికి నీ మొత్తంలో 6.25 శాతం పెట్టమంటుంది. అసలు అవకాశం 19 అయితే ఒక్క రూపాయి కూడా పెట్టొద్దంటుంది. అంచనా సరైనదని తేలకముందు ఆ సూత్రం జోలికి పోకు.

ఇప్పుడు పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి గుర్రప్పందాల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతమైంది. అదీ లాభం మీద కాదు, పందెం పూర్తి విలువ మీద. వంద పందేనికి చేతి నుంచి 140 పోతుంది. మళ్లీ ఆ నాలుగుకు ఒకటి గుర్రాన్నే తీసుకో. గెలిస్తే 500. నష్టం లేకుండా బయటపడాలంటే 140ని 500తో భాగించు, 28 శాతం అవకాశం కావాలి. పన్ను లేకపోతే 20 చాలేది. నీ మోడల్ 25 అని చెప్పింది అక్షరాలా నిజమే అనుకున్నా, 140 పెట్టి సగటున 125 వెనక్కు తెచ్చుకుంటావు. మోడల్ ఎంత మంచిదైనా ఈ గోడ దాటలేదు.

గెలిచిన డబ్బు మీద ఆదాయపు పన్ను 30 శాతం వేరే ఉంది, పైన సెస్సు. ఒక్కసారి గెలుపు పదివేలు దాటితే టీడీఎస్ అక్కడికక్కడే కోస్తారు. ఓడిపోయిన డబ్బును గెలిచిన డబ్బులోంచి తీసేసి చూపించడానికి వీల్లేదు. ఏడాదిలో గెలుపులు లక్ష, ఓటములు తొంభై వేలు అనుకో. నీకు మిగిలింది పదివేలు, పన్ను ముప్పై వేలు. ఇది తెలిసినరోజు నేను మామ దగ్గర కూర్చుని కాగితం మీద వేసి చూపించాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు. "ఇది ముప్పై ఏండ్ల కింద చెప్పేటోడు లేకపాయె" అన్నాడు.

గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆటేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, టూల్ అమ్మేవాళ్లు దాన్ని పెద్దగా చూపిస్తారు. తీర్పు నిజమే, కానీ దానివల్ల పన్ను తగ్గలేదు. పన్ను తప్పించుకోవడానికి విదేశీ యాప్‌లో ఖాతా తెరవమని నీకు ఎవరైనా చెప్తే వినకు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. డబ్బు ఇరుక్కుంటే అడగడానికి ఎవరూ ఉండరు.

ఆ పన్నెండు వేల టూల్ గురించి. అలాంటిదే ఒకటి నేను ఆరు వేలకు కొన్నాను. అది చూపించే లాభం నిజమే, కానీ ఆ రోజు బోర్డు మీద ఒక్క నిమిషం నిలబడిన అత్యధిక భావుతో వేసిన లెక్క అది. మన జెండా పాట తెలుసు కదా. ఒక మంచి లాటుకు పలికిన ధర ఊరంతా పాకుతుంది, అది విని ములుగు నుంచో పరకాల నుంచో బస్తాలు తెచ్చిన రైతుకు చేతిలో పడేది అంతకంటే తక్కువ. టూల్ నీకు జెండా పాట చూపిస్తుంది. నువ్వు బుకీ దగ్గరికి చేరేసరికి నాలుగుకు ఒకటి మూడుకు ఒకటి అయి ఉంటుంది. అమ్మేవాడిని రెండు అడుగు: సలహా ఇచ్చిన సమయం, ఆ సమయానికి నిజంగా దొరికిన భావు, ప్రతి పందేనికీ రాసిన ఫైల్ ఉందా? పన్ను కలిపి లెక్క వేశావా? నేను అడిగాను, నన్ను గ్రూపులోంచి తీసేశారు.

నీకు లెక్క మీద ఇష్టం ఉంది కాబట్టి ఈ చలికాలం సీజన్ కాగితం మీద ఆడు, ఒక్క రూపాయి పెట్టకుండా. ప్రతి రేసుకు ముందు నీ అంచనా, అప్పటి భావు, గేట్లు తెరిచేముందు చివరి భావు, ఫలితం రాయి. నువ్వు ఎంచుకున్నవాటి భావు చివరికి తరచుగా తగ్గుతుంటే నీ అంచనాలో ఏదో ఉన్నట్టే, గెలుపు ఓటములకంటే ఇది ముందుగా తెలిసే గుర్తు. అవకాశాల వారీగా గుంపులు కట్టి, 20 శాతం అన్నవి వందకు ఇరవై గెలిచాయా చూడు. చివర్లో పన్ను లెక్కకు, వచ్చిన మొత్తం రాబడిని 1.4తో భాగించు. ఫైల్ నాకు పంపితే కూర్చుని చూస్తాను. ఆదివారాలు మార్కెట్ సెలవే, ఖాళీగానే ఉంటాను.

ఇప్పటికే డబ్బు పెట్టి పోగొట్టుకుని, దాన్ని రాబట్టుకోవడానికి అడుగుతుంటే మాత్రం ఫైల్ సంగతి పక్కన పెట్టు. ముందు ఇంట్లో ఒకరికి చెప్పు, ఎవరికీ చెప్పలేకపోతే నాకు రాయి.

ల్యాప్‌టాప్ 8 జీబీ అన్నావు. ఐదు వందల రేసుల ఫైల్‌కు అది చాలా ఎక్కువ. మార్చకు.